షాలేం రాజు రాగిరేకు

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో షాలేం రాజు ఇంటికి ఎవరు వెళ్లినా కాఫీ పేపర్ కప్పులోనే వస్తుంది. పగలు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆ మనిషి, ఇంటికొచ్చాక బేస్‌మెంట్‌లో రాగిరేకుల మీద సిలువ బొమ్మలు చెక్కి కాగితం మీద అచ్చు తీస్తాడు. నాలుగు వందల ఏళ్ల కిందట ఆంట్వర్ప్ నగరంలో ఇదే పని చేసిన వీరిక్స్ అన్నదమ్ములు ఆయనకు గురువులు. ఉలి పట్టిన కుడిచెయ్యి కదలదు, ఎడమచెయ్యి రేకునే తిప్పుతుంది. రేకు మీద కుడిది అచ్చులో ఎడమకొస్తుంది కనుక అన్నీ తిరగేసి చెక్కుతాడు. అందులో ఏనాడూ పొరబడలేదు. గీత ఒక్కటి వంకరపోయిందా, చేతికందింది గాల్లోకి లేస్తుంది. "ఆ అన్నదమ్ముల్లో ఒకడు తాగి, బీరు ముంత విసిరి ఆడమనిషిని చంపేశాడండీ. ఆ చెయ్యి మాత్రం దేవుడిచ్చిందే!" అని చర్చిలో నవ్వుతూ చెబుతాడు.

2008లో ఆయన విసిరింది పింగాణీ మగ్గు. అన్నానికి పిలవడానికి మెట్లు దిగుతున్న భార్య జోసఫిన్ కనుబొమ చీలి, నెత్తురు మెడదాకా కారింది. ఆస్పత్రిలో "స్లిప్ అయ్యాను" అంది. ఇంటికొచ్చి మగ్గులన్నీ చెత్తబుట్టలో పారేసింది.

మరుసటి ఈస్టర్‌కి కొత్త అచ్చు తీసి ఆమె చేతికిచ్చాడు. సిలువ కింద మరియమ్మకు జోసఫిన్ ముఖం, కుడి కనుబొమ మీద మచ్చ.

"నిన్నే చెక్కాను" అన్నాడు మెల్లగా.

జోసఫిన్ చాలాసేపు చూసింది. "దెబ్బ ఇటుపక్క తగిలిందండీ" అని తన ఎడమ కనుబొమ తాకి చూపించింది.

షాలేం రాజు చెయ్యి బల్లంతా తడిమింది. ఖాళీ పేపర్ కప్పు సరిగ్గా ఆ కనుబొమకే తగిలి, చప్పుడు లేకుండా కింద పడింది.