మా ఊరికి రెండు వాక్యాలేనాండీ?

కొల్లేటి లంకల్లో ఉన్న ఆ రెండు ఊళ్ళ పేర్లూ ఇక్కడ రాయను. రాస్తే, ఏ పేరు ముందు రాశానన్న దాని మీద మళ్ళీ మొదలవుతుంది. రెంటికీ మధ్య ఒక మురుగు డ్రెయిను, దాని మీద ఇరుకు వంతెన, అటూ ఇటూ చేపల చెరువులు. ఈ ఊరివాళ్ళు ఆ ఊరిని అవతలూరు అంటారు. ఆ ఊరివాళ్ళు కూడా ఈ ఊరిని అదే మాట అంటారు. మేం వెళ్ళిన బడి ఈ పక్కన ఉంది గనక, నేనూ రెండోదాన్ని అవతలూరనే అంటాను.

నేను తాడేపల్లిగూడెంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఈ పనిలోకి నన్ను లాగింది ఏలూరులో ఉండే రిటైర్డు పోస్టుమాస్టరు గారు. మా నాన్నగారి స్నేహితులు. నేను బాబాయిగారూ అని పిలుస్తాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఊళ్ళకి ఉత్తరాలు చేర్చిన మనిషి, రిటైరయ్యాక ఆ ఊళ్ళ గురించే ఇంటర్నెట్లో ఉన్న తెలుగు విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు రాయడం మొదలుపెట్టారు. అందులో ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసినదాన్నైనా ఎవరైనా దిద్దొచ్చు. జీతం లేదు, సెలవూ లేదు. "ఇదివరకు ఆఫీసుకెళ్ళినా సాయంత్రానికి ఇంటికొచ్చేవారమ్మా. ఇప్పుడు రోజంతా ఇంట్లోనే ఉంటున్నారు గానీ, ఇంటికి మాత్రం రావట్లేదు" అనేవారు పిన్నిగారు.

ఆ సర్వస్వం మొత్తాన్నీ ఒకే పెద్ద ఫైలుగా దింపుకుని, పెన్‌డ్రైవులో పట్టుకెళ్ళి బడి కంప్యూటర్లలో ఎక్కిస్తే, నెట్టు లేకపోయినా పిల్లలు చదువుకోవచ్చునని బాబాయిగారికి ఎవరో చెప్పారు. దాని మీద ఒక ఆదివారం ఆయన డాబా మీద మీటింగు పెట్టారు. ఏ బడికి వెళ్ళాలి, ఏం చెయ్యాలి అన్నది కాఫీ తాగేలోపు తేలిపోయింది. టీషర్టు ఏ రంగులో ఉండాలన్నది మాత్రం ఇడ్లీలు చల్లారి గట్టిపడేదాకా తేలలేదు. చివరికి ఆకుపచ్చ రంగులో అన్నీ ఒకే సైజువి వచ్చాయి. వీపు మీద 'జ్ఞానం అందరిదీ' అని ఉంది. జ్ఞానం సంగతేమో గానీ, టీషర్టు అందరికీ పట్టలేదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు గుండుగొలను దగ్గర హైవే దిగి చెరువు గట్ల మీదుగా వెళ్ళాం. చేపల మేత వాసన కారు అద్దాలెత్తినా లోపలికొచ్చేస్తోంది. బడి గేటు దగ్గరే హెడ్మాస్టరు గారు ఎదురొచ్చారు. ఎంత మర్యాదస్థులంటే, కొబ్బరి బొండాలు తాగేదాకా కంప్యూటర్ల ఊసు ఎత్తనివ్వలేదు. ఆ తరవాత జేబులోంచి తాళంచెవి తీసి ల్యాబు తలుపు స్వయంగా తెరిచారు.

లోపల కంప్యూటర్లన్నిటికీ దుప్పట్లు కప్పి ఉన్నాయి. ఒక్కొక్క దుప్పటీ తీస్తుంటే మానిటర్ల నుదుట పసుపు, కుంకుమ బొట్లు చెక్కు చెదరకుండా కనిపించాయి. ప్రారంభోత్సవం నాటివట.

"మా ల్యాబులో ఇంతవరకూ ఒక్క సిస్టమ్ కూడా పాడవలేదండి" అన్నారు గర్వంగా.

"పిల్లలు బాగా వాడుకుంటున్నారాండీ?" అని అడిగాను.

ఆయన నావైపు జాలిగా చూశారు. "వాడితే పాడవ్వవాండీ?"

పిల్లలకి కంప్యూటరు పాఠం గోడ మీద కీబోర్డు బొమ్మ వేసి చెబుతున్నారు. బొమ్మ చక్కగా గీశారు. పిల్లలు వరసగా నిలబడి, గోడని వేళ్ళతో నొక్కి తమ పేర్లు టైపు చేస్తారు. గోడ మీద ఏమీ పడదు గనక తప్పులు కూడా రావు. నెట్టు సంగతి అడిగితే, "ఉందండి. కాగితాల మీద ఉంది. నీటి మధ్య ఊరు కదండీ, వైరులోకి ఇంకా దిగలేదు" అన్నారు.

బాబాయిగారు ఆయన్ని మెల్లగా మాటల్లో పెట్టి వరండాలోకి తీసుకెళ్ళారు. ఆ కాస్సేపట్లో నేను ఫైలు ఎక్కించాను. తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని, మగపిల్లల్ని లోపలికి పిలిచాం. ముందు ఎవరూ ముట్టుకోలేదు. తరవాత ఒకమ్మాయి కొర్రమీను అని వెతికింది. కొర్రమీను వచ్చింది. బొమ్మతో సహా వచ్చేసరికి గదంతా అరుపులు. రొయ్య, బొచ్చె, గూడబాతు, ఏది అడిగితే అది వచ్చింది. బాబాయిగారితో తిరిగొచ్చిన హెడ్మాస్టరు గారు గుమ్మంలో నిలబడి, "కీబోర్డు మీద గట్టిగా నొక్కకండర్రా, మెల్లిగా, మెల్లిగా" అంటూనే ఉన్నారు.

అంతా బాగానే ఉంది. ఇంతలో ఎవరికో సొంత ఊరు వెతకాలన్న బుద్ధి పుట్టింది.

వచ్చింది. రెండు వాక్యాలు. ఫలానా ఊరు ఏలూరు జిల్లాలోని ఒక గ్రామం. ఈ గ్రామం ఫలానా మండలంలో ఉంది. అంతే.

గది చల్లబడిపోయింది. కొర్రమీను వెతికిన ఆ పిల్లే నావైపు తిరిగి, "మా ఊరికి రెండు వాక్యాలేనాండీ?" అంది. కొర్రమీనుకి అంత రాసి, దాన్ని పెంచే ఊరికి ఇంతేనా అన్నట్టుంది ఆ గొంతు. నేను ఏదో సర్దిచెప్పబోతున్నాను. ఈలోగా పక్క కంప్యూటరు దగ్గర అవతలూరు వెతికేశారు.

అవతలూరికి బోలెడంత ఉంది. చరిత్ర, పంటలు, చేపలు, పక్షులు, రవాణా, అన్నిటికీ విడివిడిగా శీర్షికలు. పైన ఒక ఫోటో కూడా. డ్రెయిను, దాని మీద వంతెన.

"అది మా వైపు నించి తీసిన ఫోటో!" అని ఒకడు అరిచాడు. "అదిగోండి, ఈ అంచున కనిపించేది మా బడి ప్రహరీయే!"

బాబాయిగారికి హఠాత్తుగా దగ్గొచ్చింది. మంచినీళ్ళు కావాలంటూ బయటికెళ్ళిపోయారు.

కారెక్కాక అడిగాను. "బాబాయిగారూ, అవతలూరి వ్యాసం ఎవరు రాశారు?"

ఆయన కిటికీలోంచి చెరువుల వైపు చూస్తూ, "మీ పిన్ని పుట్టిల్లు అదే కదమ్మా" అన్నారు.

రెండోసారి మేం వెళ్ళేసరికి ల్యాబు ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. బడి కమిటీ చైర్మన్ గారు వచ్చి కూర్చున్నారు. ఊళ్ళో ఎక్కువ చెరువులు ఆయనవే. తెల్లచొక్కా, మెత్తని మాట. కోపం వచ్చినకొద్దీ ఆ మాట ఇంకా మెత్తబడుతుందని ఆ రోజే తెలిసింది.

"ఏవండీ, తవరు పెద్దవారు. ఒక్క మాట అడుగుతానండి. అవతలూరు వాళ్ళు మీకేం చేశారు, మేం ఏం చెయ్యలేదో చెప్పండి. మేవూ చేస్తావండి."

"అయ్యో, అలాంటిదేం లేదండీ" అన్నారు బాబాయిగారు. పిన్నిగారి పుట్టింటి ఊసు ఎత్తలేదు. "ఇది ఎవరైనా రాసుకోవచ్చండి. మీ ఊరి గురించి మీరే రాయండి. కాకపోతే ప్రతి మాటకీ ఆధారం చూపించాలి."

"ఆధారమంటే?"

"పుస్తకంలోనో పేపర్లోనో అచ్చయి ఉండాలండి."

చైర్మన్ గారు చిరునవ్వు నవ్వారు. "ఈ ఊళ్ళో నేను చెప్పిందానికి ఇంతవరకూ ఎవరూ ఆధారం అడగలేదండి."

ఆయన రాయించాలనుకున్న వాటిలో మొదటిది వాళ్ళ నాన్నగారి దానగుణం. రెండోది ఆయన చెరువుల నీటి రుచి. హెడ్మాస్టరు గారు మధ్యలో అందుకుని, ప్రారంభోత్సవం శిలాఫలకం మీద ఉన్నదంతా అక్షరం పొల్లుపోకుండా ఎక్కిస్తే సరిపోతుందన్నారు. రాతి మీద చెక్కినదానికి మించిన అచ్చు ఏముంటుందని ఆయన వాదన. బాబాయిగారు కాసేపు ఆలోచనలో పడ్డారు కూడా. ఆయన బలహీనత అది. న్యాయమైన సందేహం కనిపిస్తే చాలు, శత్రువు నోట వచ్చినా పరిశీలిస్తారు.

ఆఖరికి, ఇంత పెద్ద విషయం ఊరికే తేల్చకూడదని, ముందు ఒక ఫంక్షను చేద్దామని తీర్మానమైంది.

"ఈ ల్యాబుకి ఓపెనింగ్ అయిపోయింది కదండీ?" అన్నాను.

"అది హార్డువేరు ఓపెనింగండి మేడంగారు" అన్నారు హెడ్మాస్టరు గారు. "ఇది సాఫ్టువేరు ఓపెనింగు."

ఫంక్షనుకి పెద్ద నాయకుడు వస్తానని రాలేదు. ఆయన బదులు చిన్న నాయకుడు వచ్చారు. రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, కొబ్బరినీళ్ళు కీబోర్డు మీద చిలకరించబోతుంటే హెడ్మాస్టరు గారు నిజంగానే అడ్డం పడ్డారు. ఆయన మీద నాకు అప్పుడే గౌరవం కలిగింది. చిన్న నాయకుడు కుర్చీలో కూర్చుని, "ఇందులో అందరి గురించీ ఉంటుందన్నమాట. ఏదీ, నా పేరు కొట్టండమ్మా" అన్నారు.

కొట్టాను. ఆయన పేరే ఉన్న ఒకనాటి హరికథ దాసుగారి ఫోటో వచ్చింది. మెడలో పూలదండ, నుదుట పెద్ద బొట్టు, చేతిలో చిడతలు. చిన్న నాయకుడు తెర వైపు తేరిపార చూసి, గొంతు సవరించుకుని, "ఏదో ఫంక్షన్లో తీసినట్టున్నారు" అన్నారు. చైర్మన్ గారు ముందుగా చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. మేమూ కొట్టాం, ఆకుపచ్చ టీషర్టుల్లో.

ఆ సందడిలో మాకు కలిసొచ్చింది ఒక్కటే. ల్యాబు తాళం ఆ రోజు నుంచి తియ్యక తప్పలేదు. సాఫ్టువేరు కూడా ఓపెనయ్యాక మూసి ఉంచడానికి కారణం దొరకలేదు.

వ్యాసం పిల్లలు రాశారు. బాబాయిగారు శనివారం శనివారం ఏలూరు నుంచి బస్సులో వెళ్ళి వాళ్ళ దగ్గర కూర్చునేవారు. ఏ మాట రాసినా, "నీకెలా తెలుసు?" అని అడిగేవారు. "మా ఊరు చాలా అందమైనది" అని ఒకడు రాస్తే, "నీకెలా తెలుసు?" అన్నారు. వాడు పాపం కిటికీలోంచి చూపించాడు. అది కుదరదని కొట్టించేశారు. జిల్లా గ్రంథాలయం నుంచి పాత పుస్తకాలు, పేపరు కత్తిరింపులు మోసుకెళ్ళారు. పిల్లలకి పట్టుదల వచ్చేసింది. ఇంటికెళ్ళి అమ్మా నాన్నల్ని కూడా "నీకెలా తెలుసు?" అని అడగడం మొదలెట్టారట. కొన్ని ఫిర్యాదులు హెడ్మాస్టరు గారి దాకా వచ్చాయి.

అసలు చిక్కు రవాణా అన్న శీర్షిక దగ్గర వచ్చింది. వానాకాలంలో ఊరి రోడ్డు నీట మునిగి రాకపోకలు ఆగిపోతాయని పిల్లలు రాశారు. పేపరు కత్తిరింపు ఆధారంగా పెట్టారు. చైర్మన్ గారు అది చదివి ఇంకా మెత్తగా మాట్లాడారు.

"ఇది తీసేయండి. పరువుపోద్ది."

"మునుగుతుందాండీ, మునగదాండీ?" అన్నారు బాబాయిగారు.

"మునుగుద్దండి. మునిగితే మునిగింది. ప్రపంచానికంతా చెప్పుకోవాలా? అవతలూరు వ్యాసంలో వాళ్ళ రోడ్డు మునుగుద్దని ఉందాండీ?"

లేదు. నేను బాబాయిగారి వైపు చూశాను. ఆయన ముఖం వాడిపోయింది. ఆ రాత్రికి రాత్రే కూర్చుని, అవతలూరి వ్యాసంలో కూడా రోడ్డు మునుగుతుందని రాసేశారు, అదే పేపరు కత్తిరింపు ఆధారంతో. పైనున్న ఫోటో కూడా తీసేశారు. ఆ వారం పిన్నిగారు ఆయనతో మాట్లాడలేదని తరవాత తెలిసింది. పుట్టింటి నుంచి ఫోన్లొచ్చాయట. అయితే చైర్మన్ గారు మాత్రం తృప్తి పడ్డారు. ఇద్దరిదీ మునిగినప్పుడు పరువు సమస్య ఉండదు కదా.

పిల్లల వ్యాసాన్ని బాబాయిగారు ఏలూరులో కూర్చుని నెట్టులోకి ఎక్కించారు. కానీ పిల్లల కంప్యూటర్లలో ఉన్నది పాత ఫైలు. అందులో ఇంకా రెండు వాక్యాలే. కొత్త ఫైలు తయారై వచ్చేదాకా ఆగాలని చెబితే వాళ్ళకి నమ్మకం కుదరలేదు. "ఎక్కిందని మీకెలా తెలుసండీ?" అని ఒక పిల్ల నన్ను నిలదీసింది. నా ఫోనులో చూపిద్దామంటే అక్కడ సిగ్నలు లేదు. చివరికి అందరం చెరువు గట్టు మీద, ఫోను పలికే చోటికి వెళ్ళాం. వంతులవారీగా ఆ చిన్న తెర మీద చూసుకున్నారు. ఒక్కొక్కరూ తాము రాసిన వాక్యం మాత్రమే చదువుకుని, ఫోను పక్కవాళ్ళకి ఇచ్చారు. ఆ సాయంత్రం నాకు సరదా మాటలేవీ తోచలేదు.

కొత్త ఫైలు వానలయ్యాక తీసుకెళ్ళాను. ఆ రోజు బాబాయిగారికి జ్వరం. ఒక్కదాన్నే వెళ్ళాను, ఆ ఆకుపచ్చ టీషర్టు వేసుకోకుండా. ల్యాబులో దుప్పట్లు లేవు. మూల ఒక కంప్యూటరు పాడై పడి ఉంది. హెడ్మాస్టరు గారు దాన్ని నాకు చూపించి, "మొదటిదండి" అన్నారు. బాధగానే అన్నారు గానీ, ఏదో సాధించినట్టు కూడా ఉంది. అవతలూరు బడి వాళ్ళు ఫోను చేసి, తమకీ ఎక్కించాలని అడుగుతున్నారట. తాళంచెవి మీద పట్టు సడలిస్తే మొదట్లో కంగారుగా ఉంటుందని ఆయన వాళ్ళకి సలహా కూడా ఇచ్చారు.

ఊరి వ్యాసాన్ని పిల్లలు ఒకసారి తెరిచి చూసి వదిలేశారు. చైర్మన్ గారొక్కరే కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. వాళ్ళ నాన్నగారి పేరు కోసం మళ్ళీ మొదటి నుంచి చదివారు. పిల్లలు మాత్రం అగ్నిపర్వతాల్లోకీ గ్రహాల్లోకీ వెళ్ళిపోయారు. కొర్రమీను పిల్ల ఆక్టోపస్ గురించి చదువుతోంది. పెదాలు కదుపుతూ, కొంచెం పైకే.

"ఆక్టోపస్‌కి మూడు గుండెలు ఉంటాయి..."

కరెంటు పోయింది. తెరలన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి. పిల్లలందరూ ఉస్సూరుమన్నారు. ఆ పిల్ల ఇంకా తెర వైపే చూస్తూ, "మూడెందుకండీ మేడమ్?" అంది.

"నాకు తెలీదమ్మా" అన్నాను.

"మీరు కాలేజీలో చెబుతారు కదండీ?"

"ఫిజిక్సు చెబుతాను."

ఆ పిల్లే, "ఒకటి వంటికీ, రెండు మొప్పలకీ అయ్యుంటుందండి. మొప్పలు రెండు కదా" అంది. తరవాత తనే నవ్వి, "నీకెలా తెలుసు అంటారిప్పుడు" అంది.

నేను అనలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరం కరెంటు కోసం చూస్తూ కూర్చున్నాం.