సార్ పేరు పెట్టుకున్న నా ప్రోగ్రామ్

నేను చౌటుప్పల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీల సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నప్పటి ముచ్చట ఇది. లోపలికొచ్చే లారీలకు గేట్‌పాస్ ఇచ్చే ప్రోగ్రామ్ నేనే తయారుచేసిన. దాన్ని క్లౌడ్‌ల పరీక్షలు చేసుకునే ఖాతా నుంచి ఫ్యాక్టరీ వాడే అసలు ఖాతాకు, ఎవరైనా మార్చుకోగలిగే ప్యాకేజీగ పంపిన. మా మేనేజర్ సార్ అందుల నా పేరు తీసేసి తన పేరు పెట్టుకున్నడు. ఆ మార్చుడుల, మామూలు లారీలను ఓనర్‌ను అడగకుండ సెక్యూరిటీకే వదిలేసే నిబంధన గూడ చెరిగిపోయింది. నేను చూసిన. కావాల్ననే చెప్పలే.

ఫ్యాక్టరీ ఓనర్ ముందట సార్ ప్రోగ్రామ్ మొదలుపెట్టంగనే, ప్రతి లారీకి అనుమతి అడుగుకుంట ఓనర్ ఫోనే మోగుడు పెట్టింది. గేటు బయట లారీలు ఆగిపోయినయి. సార్ నా పక్కకొచ్చిండు.

"స్వప్నా, జర సరిచెయ్యరాదు," అని నా చెవుల గొణిగిండు.

"మీరు చేసినదాంట్ల నేను వేలు పెడితే బాగుంటదా సార్?" అని అందరికి వినపడేటట్టే అన్న.

"ఇంతకు గీ ప్రోగ్రామ్ తయారుచేసిందెవరయ్యా?" అని ఓనర్ గద్దించిండు.

సార్ తల దించుకొని, "స్వప్ననే సార్," అన్నడు.

అప్పుడు నా దగ్గరున్న, నేను మొదట చేసిన ప్యాకేజీని మళ్ల పంపిన. లారీలు కదిలినయి.

నిబంధన చెరిగిందని ముందే చెప్పాల్సింది గదా అని మావోళ్లు ఇప్పటికీ అంటరు. నాకైతే అది నేను చేసిందన్న మాట సార్ నోటి నుంచే రావాలనుండె. వచ్చింది.

– స్వప్న, చౌటుప్పల్