అబ్రహాం జంబుఖానా

మా ఆయన అబ్రహాం తాపీమేస్త్రీ. చీపురుపల్లి పక్కన మా చిన్న చర్చిలో ఇరవై ఎనిమిదేళ్ళుగా డోలక్ వాయిస్తున్నాడు. ప్రతి ఆదివారం వేదిక పక్కన పాత జంబుఖానా పరుచుకుని కూర్చుంటాడు. ఆ చోట ఇంకొకరు కాలు పెట్టరు.

ఈ ఏడు సంఘపెద్ద విక్టర్ డ్రమ్స్ సెట్టు కొందామన్నాడు. వాయించేది అతని కూతురు రూబీ, కొత్తగా నేర్చుకుంటోంది. చర్చిలో ఉన్నదే ఆ కాస్త జాగా. డ్రమ్స్ వస్తే మా ఆయన లేవాల్సిందే. అది చాలక, మంచిది ఎంచిపెట్టమని ఆయన్నే విజయనగరం రమ్మన్నారు. ఈయన సరేనన్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఒళ్ళు మండి నేనూ బయల్దేరాను.

గంటస్తంభం దగ్గరి వాయిద్యాల కొట్లో ఆయన సంచిలోంచి జంబుఖానా తీసి నేలమీద పరిచాడు.

"మాకున్న జాగా ఇంతే బాబూ. దీనిమీద పట్టేవి సూపించు."

కొట్టతను రెండు సెట్లు చూపించాడు. ఒకటి ఎర్రగా మెరుస్తోంది. రెండోది నల్లది, ఒంటినిండా గీతలు. విక్టర్, రూబీ ఎర్రదాని దగ్గరే నిలబడిపోయారు.

మా ఆయన వంగి, ఎర్ర డ్రమ్ము అంచు చుట్టూ ఒక్కో మర దగ్గర వేలితో తట్టుకుంటూ వచ్చాడు. ఒకచోట మొద్దుగా పలికింది. మళ్ళీ తట్టాడు. మళ్ళీ అంతే. ఇన్నేళ్ళు ఆయన డోలక్ బిగిస్తుంటే విన్నదాన్ని, ఆ తేడా నాకూ తెలిసింది.

చొక్కా పట్టి పక్కకి లాగాను.

"నోరిప్పకు. అదే కొననీ. రెండు నెల్లకి మూలపడతాది. మళ్లీ నీ డోలక్కే దిక్కవుతాది."

అలా అన్నందుకు నాకేం సిగ్గు లేదు. ఆ డోలక్ లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడో నాకు తెలుసు.

"అన్నయ్యా, ఎర్రది తీసేసుకుందుమా?" అని విక్టర్ జేబులో చెయ్యి పెట్టాడు.

అందరూ మా ఆయన ముఖంలోకే చూస్తున్నారు. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. ఆ సామెత ఈయనకెవరూ చెప్పినట్టు లేదు.

"మరలు తిప్పేది ఓపాలి ఇయ్యి బాబూ" అన్నాడు.

మరలు వదులు చేసి పైతోలు ఎత్తాడు. రూబీ వేలు పట్టుకుని చెక్క అంచుమీద తిప్పాడు. ఒకచోట వేలు ఆగింది. అక్కడ చెక్క పొరలు విడిపోయి ఉన్నాయి.

"ఎంత బిగించినా దీని శ్రుతి నిలవదమ్మా. నువ్వు నేర్చుకునేదానివి. డ్రమ్ముదే తప్పని తెల్దు, నీ సెయ్యే మంచిది కాదనుకుంటావు."

నల్లదాన్ని కూడా అలాగే విప్పి, అంచులన్నీ తడిమి చూసి, ఇది తీసుకోమన్నాడు.

శనివారం సాయంత్రం చర్చిలో బిగించారు. రూబీ కాలితో పెడల్ తొక్కినప్పుడల్లా పెద్ద డ్రమ్ము టైల్స్ మీద జారి ముందుకు పోతోంది. ఇటుకలు అడ్డం పెట్టారు. ఆగలేదు.

మా ఆయన కాసేపు చూశాడు. సంచిలోంచి జంబుఖానా తీసి, దులిపి, డ్రమ్ముల కింద పరిచాడు.

"ఇప్పుడు తొక్కమ్మా."

డ్రమ్ము కదల్లేదు.

మర్నాడు పాట మొదలైంది. రూబీ చెయ్యి బాగానే పలికింది. మా ఆయన గుమ్మంలో చెప్పులు విప్పాడు. మగవాళ్ళవైపు బోలెడు చోటుంది. అయినా ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు అక్కడే నిలబడిపోయాడు. ఇంటికెళ్ళాక తిడదామని వారం నుంచీ దాచుకున్న మాటలన్నీ అక్కడే మరిచిపోయాను.