కాలువ గట్టు బడిలో రోగం లేని రోజు

మొన్న నా మనుమరాలు బడి నుంచి ఆరోగ్య పత్రం తెచ్చి సంతకం చేయమన్నది. కళ్లు, పళ్లు, గుండె, కడుపు, అన్ని గళ్లలోనూ ఒకే చేతివ్రాతతో "బాగున్నది" అని ఉంది. పరీక్ష జరిగిన తేదీ చూశాను. ఆనాడు ఈ పిల్ల ఒళ్లు కాలిపోతూ నా మంచం పక్కనే మూలుగుతూ పడుకున్నది. నిన్ను డాక్టరు ఎప్పుడు చూశాడమ్మా అని అడిగితే, "రానోళ్లకు టీచరే రాసేసింది తాతా, గళ్లు ఖాళీగా ఉండగూడదంట" అన్నది. నాకు వచ్చిన కోపం ఆ టీచరు వయసు కన్నా పాతది.

స్వాతంత్ర్యానికి కొన్నేళ్ల ముందు, మా వంశంలో మొదటి పట్టభద్రుడినైన నేను, ఒక డాక్టరు గారి వద్ద వ్రాయసగాడిగా చేరాను. నేను వైద్యుణ్ణి కానని ఎంత మొత్తుకున్నా వినక, మా నాయన తోవన పోయేవారిని పిలిచి నాకు నాలుక చూపించమనేవాడు. డాక్టరు గారు మద్రాసు నుంచి వచ్చిన పరిశోధకులు. చలిజ్వరం ఏళ్ల తరబడి వదలని పిల్లలకు ఎడమ డొక్క కింద ప్లీహం వాచి గట్టిపడుతుంది. కర్నూలు-కడప కాలువ వెంబడి ఊళ్ల బడులలో పిల్లలను చాప మీద పడుకోబెట్టి, వారు ఆ డొక్క నొక్కి చూసేవారు. ఉన్నదనో లేదనో చెబితే నేను వ్రాసేవాణ్ణి. వాపు ఎక్కువ కనబడిన ఊళ్లకే చలిజ్వరపు మందు, కొయినా బిళ్లలు వచ్చేవి. నా పుస్తకంలో ఒక్క కొట్టివేత కూడా ఉండేది కాదు. దానికి నేను పడిన గర్వం ఇప్పుడు తలచుకుంటే విసుగు పుడుతుంది.

ఒకనాడు కాలువ గట్టు మీది ఒక ఊరికి వెళితే, అక్కడి బడి పంతులు గారు గడపకు మామిడాకులు కట్టి, పిల్లలకు తలంటించి, పద్యం వల్లె వేయించి మమ్మల్ని ఆహ్వానించారు. ఇరవై ఇద్దరు పిల్లలు. ఒక్కరికీ వాపు లేదు. "మా బడిలో రోగం యాడుంటాది సామీ! శానా శుద్ధంగా పెట్టుకున్నాం," అన్నారాయన. గోడకు వేలాడుతున్న హాజరుపట్టీలో నలభై పేర్లు నాకు కనబడ్డాయి. అది అడగడం నా పని కాదనుకుని, సున్నలు గుండ్రంగా చుట్టి, పేజీ కింద గీత కూడా గీశాను.

బండి కడుతుండగా ఒక ముసలమ్మ, దూది ఏకే సాయిబు గారి తల్లి, మనుమణ్ణి చంకన వేసుకుని రొప్పుతూ వచ్చింది. వాడికి ఏడేళ్లుంటాయి, కాళ్లు పుల్లలు, పొట్ట కుండ. వాపు కరగాలని డొక్క మీద కాల్చిన వాతలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"ఏమప్పా అయ్యవారూ! డాక్టరొస్తాడంటే రోగమున్నోన్నే ఇంటికి తోల్తావా? ఇవేమన్నా పెండ్లిచూపులా?"

పంతులు గారు నిజంగానే నివ్వెరపోయారు. "ఇన్‌స్పెక్టరొస్తే మొద్దు పిల్లోళ్లను దాస్తాం గదవ్వా. ఈయనొస్తే జబ్బు పిల్లోళ్లను దాయొద్దని నాకెవరు చెప్పినారు?"

డాక్టరు గారు తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డారు. "అయ్యా, నేను మీ బడికి మార్కులు వేయడానికి రాలేదు. ఈ లెక్క పోతే ఈ ఊరికి మందు రాదు." ఆ మాటకు పంతులు గారి ముఖం నల్లబడింది. పైపంచె నడుముకు బిగించి, ఇంటింటికీ పరుగెత్తారు. పొద్దు వాలేలోగా ముసలమ్మ మనుమడితో కలిపి పద్దెనిమిది మంది వచ్చారు, కొందరు భుజాల మీద. పద్నాలుగు మందికి వాపు. డాక్టరు గారు నా పుస్తకం తెరిపించి, "ఈ పేజీ కొట్టివేయండి. నిన్నటి రెండు ఊళ్లలోనూ ఇలాగే దాచి ఉంటారు, ఆ పేజీలు కూడా. రేపు వెనక్కి పోవాలి," అన్నారు. హాజరుపట్టీ చూసి కూడా ఊరుకున్నానని ఆయనతో చెప్పలేదు. కొట్టివేస్తుంటే చేయి వణికి గీత వంకర పోయింది.

ఆ ఊరికి కొయినా వచ్చింది. ఆ ముసలమ్మ మనుమడికి మాత్రం అది ఆలస్యమైంది.

మనుమరాలి పత్రం మీద సంతకం చేయలేదు. గళ్లన్నీ కొట్టివేసి, "ఆనాడు ఈ పిల్ల జ్వరంతో ఇంట్లో ఉన్నది, మళ్లీ చూడగలరు" అని వ్రాసి పంపాను. ఈసారి కూడా గీత వంకరే పోయింది. కానీ ఈ వణుకు వయసుది.