అద్దంలో కనిపించని ముసలమ్మ

ఆ అమ్మాయి వీడియో గేములు తయారు చేస్తుంది. కంపెనీలో కాదు, ఇంట్లో, ముందుగది కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఒక్కతే. బొమ్మలు గీసేదీ తనే, ప్రోగ్రాం రాసేదీ తనే, తేడా వస్తే తిట్లు తినేదీ తనే. ఇంట్లో ఇంకొకరు వాళ్ల నాన్న. ముప్ఫై ఒక్క ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి.

మూడేళ్ల కిందట ఆమె మొదటి ఆట విడుదలైంది. ట్రైలర్లో ఒక చిన్న ఊరు, కుండపోత వాన, గొడుగులు విప్పుకునే జనం. తీరా ఆట ఆడితే చుక్క రాలదు. తేదీ ముంచుకొచ్చింది, వాన ఎంతకీ కుదరలేదు, ఎవరు చూడొచ్చార్లే అనుకుంది. చూడనివాడు లేడు. "మాటలు కోటలు దాటాయి, ఆట గడప దాటలేదు" అని ఒకాయన రాశాడు. ఆ మాట అబద్ధమైతే నాలుగు రోజుల్లో మరిచిపోయేది. నిజం కాబట్టి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

రెండో ఆట సిటీ బస్సుది. నాన్న మీద ప్రేమతోనే మొదలుపెట్టింది గానీ ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఆడేవాళ్లు డ్రైవరు సీట్లో కూర్చుని సాయంత్రంపూట జనాన్ని ఇళ్లకు చేర్చాలి. ట్రైలర్లో అందరికీ నచ్చింది ఒక ముసలమ్మ. సంచి పట్టుకుని మెల్లిగా బస్సు దిగుతుంది, సందులోకి నడుస్తుంది, తలుపు తీసుకుని లోపలికి వెళ్తుంది, కిటికీలో దీపం వెలుగుతుంది. పాత కోపాలు మరిచి చాలామంది ఆమె కోసమే ఈ ఆటకు ఎదురుచూస్తున్నారు.

శుక్రవారం విడుదల. సోమవారం పొద్దున్న నాన్నను కూర్చోబెట్టి ఆడమంది. ఆయన కుర్చీ ముందుకూ వెనక్కూ జరుపుకుని, కళ్లజోడు తుడుచుకుని, "ముందు బ్రేకు ఎక్కడో చెప్పు" అన్నాడు. అంతకుముందు ఆడిన స్నేహితులంతా జనం దిగీ దిగకముందే బండి లాగించినవాళ్లే. ముసలమ్మ దిగింది. నాన్న తలుపు మూశాడు, బండి మాత్రం కదపలేదు. అలవాటు కొద్దీ పక్క అద్దంలోకి చూశాడు. చూసి కుర్చీలోంచి సగం లేచాడు.

"ఏదమ్మా ఆవిడ?"

"ఎవరు నాన్నా?"

"ఇప్పుడే దిగిన ముసలమ్మ. తలుపు వేశానో లేదో కనపడలేదు. బండి కింద గానీ పడిందా?"

కూతురికి నవ్వొచ్చింది. ఆయన మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"పడలేదు నాన్నా. తలుపు పడగానే మాయమైపోతుంది. ట్రైలర్లో నేనే ఒక్కో అడుగూ చేత్తో కదిపి చూపించాను. అందర్నీ నిజంగా నడిపించాలంటే ఇంకో మూడు నెలలు పడుతుంది. అయినా నీలా ఆగి అద్దం చూసేదెవరు?"

నాన్న మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. "నేనూ ఒకరోజు అలాగే అనుకున్నాను. ఆలస్యమైందని అద్దం చూడకుండా బండి తీశాను. ఒకావిడ సంచి తలుపులో ఇరుక్కుని పడిపోయింది. మణికట్టు విరిగింది. ఆవిడే కాలు జారి పడిందని డిపోలో రాసుకున్నారు. నన్నెవరూ అడగలేదు."

"మరి నువ్వేం చేశావు?"

"వాళ్లింటికెళ్లి తప్పు నాదని చెప్పాను."

"తిట్టారా?"

"తిట్టక హారతి పడతారా? వాళ్లబ్బాయి మీదికొచ్చాడు కూడా. కానీ కట్టు విప్పాక ఆవిడ మళ్లీ నా బస్సే ఎక్కింది."

ఆ రోజంతా ఆమెకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈసారి కూడా మోసం చేస్తే తన ఆటను ఇక ఎవరూ ముట్టరు. నిజం చెబితే శుక్రవారం దాకా కూడా ఉండరేమో. సాయంత్రానికి గుండె చిక్కబట్టుకుని రాసింది: "ట్రైలర్లో ముసలమ్మను నేను చేత్తో కదిపాను. ఆటలో ఆమె ఇంటికి చేరదు. మొదటి ఆటలో వాన విషయంలోనూ ఇదే పని చేశాను. మూడు నెలలు టైమివ్వండి. మీరు కోప్పడితే అది న్యాయమే."

తిట్లు రానే వచ్చాయి. ఎదురుచూసేవాళ్లలో సగానికి సగం జారుకున్నారు. కోటలూ గడపలూ అన్న పెద్దమనిషి మాత్రం ఈసారి ఒక్క ముక్కే రాశాడు: "సరే, ఉంటాను." ఆ ఒక్క ముక్క చదివి ఆమె ఏడ్చింది.

మూడు నెలలు కాస్తా నాలుగయ్యాయి. అది కూడా ముందే చెప్పింది. విడుదల రోజు పొద్దున్న నాన్నే మొదట ఆడాడు. ముసలమ్మ దిగింది. తలుపు మూసి ఆయన అద్దంలోకి చూశాడు. ఆమె ఉంది. సందు మొదట్లో ఆగి సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఖాళీ అయిన చేతి మణికట్టుకు తెల్లటి కట్టు ఉంది.

నాన్న కూతురి వైపు తిరగలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ముసలమ్మ నడిచి నడిచి తలుపు తీసుకుంది. కిటికీలో దీపం వెలిగింది.

"ఇక బండి తియ్యనా తల్లీ?" అని అడిగాడు.