గేజా పెట్టని గాలి గొట్టం

జియోలైట్ అనే లేతపచ్చ రాయి తవ్వే క్వారీ కిందున్న ఆ ఊళ్లో, ఆ రాతిపొడి వాసన పీల్చేస్తుందని కోళ్లగూళ్లలో, క్యాబేజీ మళ్లలో చల్లుకోని ఇల్లు లేదు. తాపీమేస్త్రీ గేజా ఇంకో అడుగు ముందుకేసి దాన్ని సిమెంటులో కలిపేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. మంచివాడే పాపం, కానీ ఎవరి మాటా చెవిన పెట్టడు.

చెల్లెలు మార్గిత పెరట్లో సెప్టిక్ ట్యాంకు కట్టిందీ అతనే. గోడలూ, పైన స్లాబూ అన్నిట్లోనూ ఆ పొడే. మార్గిత భర్త ఇమ్రిఖ్ వచ్చి చూసి, గాలి గొట్టం ఏదని అడిగాడు.

"గొట్టమెందుకు బావా? వాసనంతా మన రాయే మింగేస్తుంది. ముందు నీ ఇంటి పొగ్గొట్టం సంగతి చూసుకో, కాకులు కాపురం పెట్టాయి," అన్నాడు గేజా.

 ఏళ్లు గడిచాయి. మొన్న చలికాలం ఇమ్రిఖ్ ఆ స్లాబు మీద నిలబడి మంచు ఎత్తిపోస్తుంటే అది కాస్తా కూలిపోయింది. లోపల పడి ప్రాణం వదిలాడు.

గేజాకు తిండి సయించలేదు. రాయే మోసం చేసిందని ఊరందరికీ చెప్పాడు, తనకు తానూ చెప్పుకున్నాడు. తప్పు రాతిదని తేలితేనే చెల్లెలి మొహం చూడగలడు. అందుకే కూలిన స్లాబు ముక్క ఒకటి సంచిలో వేసుకుని కోషిత్సె నగరంలో కాంక్రీటు పరీక్షించే ల్యాబుకి వెళ్లి ఇచ్చి వచ్చాడు. కొన్ని వారాలకు రమ్మని కబురొచ్చింది.

అక్కడి అమ్మాయి ఆ ముక్కను గోటితో గీకితే పిండిలా రాలింది.

"లోపలి గ్యాసు బయటికి పోయే దారి లేదు తాతా. తడి స్లాబుకి పట్టిన బ్యాక్టీరియా ఆ గ్యాసుని యాసిడ్‌గా మార్చి కాంక్రీటుని తినేసింది. రాయి తప్పేం లేదు. అది కలపకపోతే ఇంకా ముందే కూలేదేమో. గాలి గొట్టం పెట్టించలేదా?"

గేజా లేచి వచ్చి బస్సెక్కాడు. దారి పొడుగునా అందరూ చూస్తుండగానే ఏడ్చాడు. బస్సు దిగి నేరుగా చెల్లెలింటికి వెళ్లాడు. ఆమె పుల్ల క్యాబేజీ సూపు పెడితే చెంచా ముట్టలేదు.

"రాయి కాదమ్మా. నేనే. బావ గొట్టం అడిగితే ఎగతాళి చేశాను. నా చేతులారా నేనే చంపుకున్నాను."

మార్గిత అతని ముందున్న గిన్నె పక్కకు జరిపింది.

"నీకు తెలీదన్నా. తనే బిగించుకుంటానని మర్నాడే ఆయన గొట్టం కొనుక్కొచ్చాడు. మా అన్న పనికే వంకలు పెడతావా అని గొడవపడి, నేనే వెనక్కి ఇప్పించేశాను. రాతిదే తప్పని తేలాలని రోజూ దేవుడికి మొక్కుకుంటున్నాను. ఎందుకెళ్లావన్నా ఆ ల్యాబుకి?"