భేషుగ్గా పద్దెనిమిది

మా మామయ్య టేపు పెట్టి కొలవనిదే దేన్నీ నమ్మడు. ఆయన టైలరే, కాదనను. కానీ ఏ టైలరైనా షాపు మూశాక టేపు మేకుకి తగిలించి ఇంట్లోకి వెళ్తాడు. మా మామయ్య మెళ్లో టేపుతోనే భోంచేస్తాడు, మెళ్లో టేపుతోనే పడుకుంటాడు. వాన కురిస్తే వీధిలోకి దిగి, "నాలుగంగుళాల నీళ్లు! చెప్పులు చేత్తో పట్టుకోండి!" అని దారినపోయేవాళ్లందరికీ కేకేస్తాడు. ఒకసారి అత్తయ్య అలిగి గదిలో ఆ మూలకెళ్లి కూర్చుందట. ఈయన మధ్యలో దూరం కొలిచి, "పోయినసారి తొమ్మిదడుగులు, ఈసారి ఏడే. కోపం తగ్గింది" అన్నాడట. ఇక అత్తయ్యకి నవ్వాగలేదట.

షాపులో కొలతలు ఆయన అరిచి చెబుతాడు, అత్తయ్య పుస్తకంలో రాస్తుంది. ఓ రోజు బేకరీ యజమాని పంట్లాం కుట్టించుకోవడానికొచ్చాడు. మంచి నిండైన మనిషి. టేపు ఆయన నడుము దాటించడానికి మామయ్య చుట్టూ ఓసారి తిరిగొచ్చి, "భేషుగ్గా, భేషుగ్గా నలభై!" అని అరిచాడు.

"నలభయ్యేనా! ఇంకా ఎక్కువుంటుందనుకుని హడలి చస్తున్నానయ్యా" అని బేకరీ ఆయన మురిసిపోయాడు. పంట్లాం కూడా అతికినట్టు సరిపోయింది. ఆ "భేషుగ్గా"లు మామయ్య సంతోషం కొద్దీ అంటాడనే నేను చాలాకాలం అనుకున్నాను.

నాది ఫైరింజను ఉద్యోగం. గొట్టం భుజాన వేసుకుని నిచ్చెనెక్కడం నా పని. మంటల్లో దూకి మోకాలు పోగొట్టుకున్నానని చెప్పుకుంటే ఎంత గొప్పగా ఉండేది! నా ఖర్మ, ఆఫీసుల మధ్య వాలీబాల్ పోటీలో పోగొట్టుకున్నాను. ఎగిరి దిగేసరికి ఎడమ మోకాలు మెలిపడి, లోపలి లిగమెంటు పుటుక్కున తెగింది. ఆపరేషన్ తప్పదన్నారు. నేనుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకని షాపు వెనక గదిలోకి మామయ్యే నన్ను లాక్కొచ్చాడు.

ఆపరేషన్‌కి ముందు ఆయన డాక్టరుగారిని పట్టుకున్న తీరు చూసి తీరాలి.

"కోత ఎన్నంగుళాలండీ?"

"రెండు ఉండొచ్చు."

"లోపలి కుట్టా, పైకుట్టా?"

"రెండూ."

"తెగినదాన్ని అలాగే కుట్టేస్తారా?"

"లేదండీ. ఆయన తొడ వెనక నుంచే ఓ నరంలాంటిది తీసి, దాన్ని కొత్త లిగమెంటుగా బిగిస్తాం."

మామయ్య మొహం వెలిగిపోయింది. "అదే గుడ్డలోంచి అతుకు! శభాష్! ఇక రంగు తేడా రాదు. చెయ్యండి!" అని అనుమతిచ్చేశాడు. డాక్టరుగారు నవ్వుతూనే లోపలికి వెళ్లారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కష్టమంతా తర్వాతే. ఆరో వారంలో, వ్యాయామం నేర్పడానికి ఇంటికొచ్చే ఫిజియో మేడమ్ నా రెండు తొడలూ కొలిచింది. కుడిది పంతొమ్మిది అంగుళాలు, ఎడమది పదిహేడు! వాడకపోతే కండ అలా కరిగిపోవడం మామూలేననీ, వ్యాయామం చేస్తే తిరిగొస్తుందనీ ఆవిడ చెబుతూనే ఉంది. నా చెవికెక్కితేగా! తొమ్మిదో నెలలో మా ఆఫీసులో పరీక్ష. గొట్టం భుజాన వేసుకుని నలభై మెట్ల నిచ్చెన ఎక్కాలి. ఎక్కలేకపోతే నిచ్చెన పని పోయి, గదిలో కూర్చుని ఫోనెత్తే పని ఇస్తారు. ఈ పుల్లకాలితో నిచ్చెనా! వ్యాయామం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాను.

"ఫోనెత్తే పనే అడుగుతాను మామయ్యా" అన్నాను మూడో రోజున.

ఆయన మేడమ్‌తో గుమ్మం దగ్గర ఏదో గుసగుసలాడి వచ్చి, "ఒరేయ్ అల్లుడూ, ఇకనుంచి నీ కొలతలు నావి. ముప్పై ఏళ్ల చెయ్యి ఇది" అన్నాడు. వారం పాటు నన్ను బతిమాలి, తిట్టి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టించి నొక్కించాడు, కాలు చాచి పైకెత్తించాడు. ఆదివారం పొద్దున్నే టేపు తీశాడు. వీధంతా దద్దరిల్లింది.

"భేషుగ్గా పద్దెనిమిది!"

ఎగిరి కూర్చున్నాను. "వారంలో అంగుళమా!"

"మరేమనుకున్నావు? మన వంశం కండ!" అన్నాడు. అత్తయ్య తలొంచుకుని పుస్తకంలో రాసుకుంటోంది. అనుమానం రాకపోలేదు నాకు. కానీ పంట్లాం వేసుకుంటే ఎడమకాలు వదులుగా ఊగడం లేదే! రెండు కాళ్లూ ఒకేలా నిండుగా ఉన్నాయి. పంట్లాం అబద్ధం చెబుతుందా? ఇక నన్ను ఆపేవాడెవడు! పదిసార్లు ఎత్తమంటే ఇరవైసార్లు ఎత్తాను. ఆదివారం ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చునేవాణ్ణి. ఎదురుగా ఉండే మంగలి కూడా కత్తెర పట్టుకునే పరిగెత్తుకొచ్చేవాడు, ఈ వారం ఎంతా అని.

నెలలు గడిచాయి. చంకకర్రలు పోయాయి, మెట్లెక్కాను, మెల్లగా పరుగెత్తాను. కానీ నేను బాగుపడేకొద్దీ మామయ్య చల్లబడిపోయాడు. "భేషుగ్గా" కాస్తా "భేషు" అయింది. పాపం, విసుగెత్తిందేమోననుకున్నాను. పరీక్షకి ముందు ఆదివారమైతే టేపు తీసి, "పద్దెనిమిదిన్నర" అని ఊరుకున్నాడు.

"భేషు కూడా లేదేంటి మామయ్యా? తగ్గిందా?"

అత్తయ్య పకపకా నవ్వేసింది. "ఇక చెప్పెయ్యండి, పిల్లాడు బెంగపడుతున్నాడు."

ఆయన టేపు చుట్టుకుంటూ గోడకేసి చూస్తున్నాడు. అత్తయ్యే పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మొదటి ఆదివారం దగ్గర పదిహేడని ఉంది!

"ఒక్కో భేషుగ్గాకి ఒక్కో అంగుళం అబద్ధం రా. ఉత్త భేషు అయితే అరంగుళం. నడుమైతే నేను కలిపి రాసుకుంటాను, నీ తొడైతే తీసేసి రాశాను. అసలు అంకె మీ మేడమ్‌కి ప్రతి వారం ఫోన్‌లో చెబుతూనే ఉన్నారు."

"మరి పంట్లాం?"

"తిరగేసి చూడు."

తిరగేశాను. ఎడమకాలి లోపలి కుట్టు పక్కన వరసలు వరసలుగా పాత సూది రంధ్రాలు. మొదట నా పుల్లకాలికి సరిపడా బిగించి, కండ పెరిగేకొద్దీ పావంగుళం చొప్పున విప్పుతూ వచ్చాడు. నా పంట్లాలు నాలుగూ అంతే. శనివారం సాయంత్రాలు "ఇస్త్రీ చేస్తాలే, ఇలా పడెయ్యి" అని పట్టుకెళ్లేది ఇందుకా! కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

"ఇంత మోసమా మామయ్యా!"

"మోసమేంట్రా? బట్ట కుట్టేటప్పుడు కాస్త లూజు పెట్టమా, అలాంటిదే. ఈ రోజుది మాత్రం నికార్సైన కొలత. ఇంకా అరంగుళం తక్కువుంది. చాలునని మేడమ్ అంది. వెళ్లి ఎక్కు!"

పరీక్ష రోజు ఆయన నాకంటే ముందే మా ఆఫీసు ఆవరణలో ఉన్నాడు. అప్పటికే నిచ్చెన కొలిచేసి మా పెద్దాఫీసరుకి లెక్క చెబుతున్నాడు. "మెట్టుకీ మెట్టుకీ అడుగండీ! నలభై అడుగులంటే మా అల్లుడికి ఓ లెక్కా!"

గొట్టం భుజానికెత్తుకుని ఎక్కాను. ఇరవై దాకా బాగానే ఉంది. ఇరవై మూడో మెట్టు మీద ఎడమకాలు వణకడం మొదలెట్టింది. గొట్టం బరువు లాగుతోంది. కిందికి చూశాను, చూడకూడదని తెలిసీ. ఫోనెత్తే గది కిటికీ సరిగ్గా కిందే ఉంది. దిగిపోదామా అనిపించింది. అప్పుడొచ్చింది కింద నుంచి కేక.

"భేషుగ్గా, భేషుగ్గా ఇరవై ఐదు!"

ఫక్కున నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే రెండు మెట్లు ఎక్కి ఆయన మాట నిజం చేసేశాను. వణుకు ఎప్పుడు ఆగిందో తెలీదు.

"భేషుగ్గా ముప్పై!" అన్నాడు, ఇరవై తొమ్మిది దగ్గర. అదీ ఎక్కేశాను. ముప్పై ఐదు దాటాక కింద మా ఆఫీసు వాళ్లంతా ఆయనతో కలిసి లెక్కపెడుతున్నారు. పైమెట్టు మీద చెయ్యి వేశాను.

"నలభై!" అని అరిచాడు మామయ్య. దాని ముందు ఏ భేషుగ్గా లేదు.

సోమవారం నుంచి మళ్లీ నిచ్చెన పనేనని పెద్దాఫీసరు కాగితం చేతికిచ్చాడు. ఇంటికి రాగానే మామయ్య మెళ్లోంచి టేపు లాక్కున్నాను.

"చేతులెత్తు మామయ్యా. అందర్నీ కొలిచావు, నిన్నెవరు కొలిచారు?"

"నాకెందుకురా! నాది ముప్పై ఆరే, పెళ్లినాటి నుంచీ!" అంటూ పొట్ట లోపలికి బిగబట్టాడు. వదల్లేదు. టేపు చుట్టి, అంకె చూసి, వీధి చివరిదాకా వినిపించేలా అరిచాను.

"భేషుగ్గా, భేషుగ్గా, భేషుగ్గా, భేషుగ్గా ముప్పై ఆరు!"

అత్తయ్య తలెత్తకుండా నలభై అని రాసుకుంది.